ఏ పెట్టో చూపిస్తే చాలండి

అకామా, అంటే గల్ఫులో ఉండనిచ్చే అనుమతి, ఉండేదా అని కోనసీమలో గల్ఫు వెళ్ళొచ్చిన ఎవరినైనా అడగండి. "ఎందుకుండదండీ, ఉంది" అంటారు. ఉండి వచ్చినవాళ్ళూ అదే అంటారు, లేక వచ్చినవాళ్ళూ అదే అంటారు. అడిగిన మనిషి చేతిలో ట్యాబ్ చూసి, మెడలో ఐడీ కార్డు చూసి చెప్పే జవాబది. దాన్నే రాసుకుపోయి లెక్క కడితే ఈ డెల్టా నుంచి వెళ్ళినవాళ్ళలో కాగితాలు లేనివాళ్ళే లేరని తేలుతుంది. కానీ నరసాపురం నుంచి అమలాపురం దాకా ఏ పేటలో కూర్చున్నా, కువైట్‌లోనో మస్కట్‌లోనో పనిలో పెట్టుకున్న సేఠ్ ఇంట్లోంచి బయటికి వచ్చేసి ఏళ్ళ తరబడి దొరక్కుండా పనిచేసుకున్న మనిషి కథ ఒకటి చెవిన పడుతుంది. ఆ కథల్లో ఉన్న మనుషులెవరూ లెక్కల్లోకి రారు.

గల్ఫు నుంచి తిరిగొచ్చినవాళ్ళ మీద ఒక పరిశోధన బృందం చేసిన సర్వేలో నేను ఇన్వెస్టిగేటర్‌ని. గోదావరి పాయల్లో వశిష్ఠకి ఇటు నరసాపురం, మొగల్తూరు, అటు సఖినేటిపల్లి, మలికిపురం, రాజోలు, వైనతేయ దాటాక అమలాపురం వైపు ఊళ్ళు. వీసా ఎలా వచ్చింది, ఏజెంటుకి ఎంత కట్టారు, జీతం నెలనెలా ఇచ్చారా, పాస్‌పోర్టు ఎవరి దగ్గరుండేది, ఇవన్నీ మామూలు ప్రశ్నలు. కేరళలో 1998 నుంచి తిరువనంతపురం సీడీఎస్ (సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్) వాళ్ళు ఇంటింటికీ తిరిగి చేస్తున్న వలస సర్వేల బాటలోనే మాదీ నడిచింది. ముల్లంతా ఒక్క ప్రశ్నలో ఉంది: అక్కడున్న ఆఖరి రోజుల్లో మీకు చెల్లే కాగితాలు ఉన్నాయా? ఎంతమందికి లేవో మాకు తెలియాలి. ఎవరికి లేవో మాకు తెలియకూడదు.

ఆ సంఖ్య ఎందుకని అడిగేవాళ్ళున్నారు. కాగితాల్లేని మనిషి జబ్బు చేసినా ఆసుపత్రి మెట్లెక్కడానికి భయపడతాడు. జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చెయ్యలేడు. పోతే శవం ఇంటికి చేరడమే గగనం. కువైట్ 2018లో, 2020లో, 2024లో క్షమాభిక్ష ప్రకటించింది, యుఏఈ 2018లో, 2024లో. ఏ దేశం ప్రకటించినా గడువు నెలల లెక్కే. మన జిల్లాల వాళ్ళలో ఎంతమందికి ఔట్‌పాస్ అనే తిరుగు ప్రయాణ పత్రం, టికెట్టు, దిగాక ఏదో ఒక ఆధారం కావాలో ముందే కొంత అంచనా ఉంటే ఆ గడువు చేజారిపోదు. నేను ఈ పనిలో చేరింది అందుకే. మా వీధిలోనే అలా చిక్కుపడి, క్షమాభిక్ష పెట్టారన్న సంగతి గడువు దాటాక తెలుసుకున్న మనిషి ఉంది.

జనం దేనికి భయపడుతున్నారో తెలియకుండా ఎలా అడగాలో తెలియదు. బయటివాళ్ళు కువైట్ పోలీసుల గురించి భయమనుకుంటారు. మళ్ళీ వెళ్ళాలని చూసేవాళ్ళకి అదీ ఉంటుంది. మిగతావాళ్ళ భయాలు ఈ ఊళ్ళోనే ఉన్నాయి. మొదటిది రైస్ కార్డు. 2016లో ప్రజాసాధికార సర్వే అని ట్యాబులతో వచ్చారు, తర్వాత వాలంటీర్లు వచ్చారు, సచివాలయం నుంచి వచ్చారు. ట్యాబ్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన మనిషి వెళ్ళాక ఏదో ఒకటి కలుస్తుంది, లేదా ఏదో ఒకటి తెగుతుంది అని జనానికి అర్థమైపోయింది. "మా కోడలు దేశంలో లేదని రాసేస్తే యూనిట్ తీసేత్తారేటమ్మా?" అని ఒక మామ్మగారు అడిగితే దానికి నేనేం చెప్పినా ఆవిడ నమ్మాలని లేదు.

రెండోది ఏజెంటు. పదో తరగతి పాసు కాని ఆడమనిషికి ఈసీఆర్ పాస్‌పోర్టు వస్తుంది. ఆ పాస్‌పోర్టు మీద గల్ఫు దేశాలతో కలిపి 18 దేశాలకి పనికి వెళ్ళాలంటే 1983 వలస చట్టం కింద క్లియరెన్సు తీసుకోవాలి, అదీ 30 ఏళ్ళు నిండితేనే ఇస్తారు. అందుకని పాతికేళ్ళ పిల్లని విజిట్ వీసా మీద ఎక్కిస్తారు. అంటే ఇక్కడ విమానం ఎక్కిన రోజునే కథ వంకర తిరిగింది. ఆ మాట చెబితే ఎక్కించినవాడి పేరు వస్తుంది. వాడు ఎక్కడివాడో కాదు, మేనత్త మొగుడో, చర్చిలో పక్క వరసలో కూర్చునేవాడో అయి ఉంటాడు. అప్పు ఇంకా అతనికే కట్టాల్సి ఉంటుంది.

మూడోది ఆడవాళ్ళకి మాత్రమే ఉన్న భయం. "అది సేఠ్ ఇంట్లోంచి బయటికొచ్చేసిందంట" అన్న మాటకి ఊళ్ళో నోళ్ళు ఎన్నో అర్థాలు కడతాయి. తిండి పెట్టకో, కొట్టో, జీతం ఇవ్వకో గోడ దూకిన మనిషికి తిరిగొచ్చాక కూతురి సంబంధాల దగ్గర ఆ మాట అడ్డం పడుతుంది. అలాంటి మనిషిని నేను "మీరు ఖల్లివెల్లి అయ్యారా", అంటే సేఠ్‌ని వదిలి పారిపోయారా, అని ట్యాబ్ ముందు పెట్టుకుని అడిగితే అంతకన్నా మొరటుతనం ఉండదు.

శిక్షణలో మాకు నేర్పిన పద్ధతులు వింటున్నప్పుడు నాకు మొదట కలిగింది ఆశ్చర్యం, తర్వాత గౌరవం. దాదాపు 60 ఏళ్ళ కిందటే ఒకాయన ఈ చిక్కుకి దారి వెతికాడు. స్టాన్లీ వార్నర్ అనే అమెరికన్ 1965లో ఒక ఉపాయం చెప్పాడు. ప్రశ్నకీ జవాబుకీ మధ్య అదృష్టాన్ని నిలబెట్టండి, అప్పుడు ఒక్కొక్కరి జవాబు చూసి ఏమీ తెలియదు, అందరివీ కలిపితే లెక్క తేలుతుంది అని. తర్వాత వచ్చినవాళ్ళు దాన్ని పాచికతో ఇలా చేశారు. జవాబిచ్చే మనిషి నాకు కనపడకుండా పాచిక వేసుకుంటుంది. 1 పడితే నిజంతో పనిలేకుండా "అవును" అనాలి. 6 పడితే "కాదు" అనాలి. మిగతావి పడితే నిజం చెప్పాలి. 600 మందిని అడిగితే సుమారు 100 మంది పాచిక చెప్పించిన "అవును", 100 మంది పాచిక చెప్పించిన "కాదు", 400 మంది నిజం. మొత్తం 180 "అవును"లు వస్తే అందులో 100 పాచికవి. మిగిలిన 80, నిజం చెప్పిన 400 మందిలోవి. అంటే 20 శాతం. ఎవరి "అవును" ఏ రకమో నాకు తెలియదు, ఎన్నటికీ తెలియదు.

కాగితం మీద ముచ్చటగా ఉంది. పాచికలు తీసుకుని గోదావరి జిల్లాల్లో గుమ్మం ఎక్కడం వేరే సంగతి. ఇక్కడ పాచిక అంటే సంక్రాంతికి కోడిపందాల బరుల పక్కన నడిచే గుండాట. పోలీసు కేసులు, పోయిన బంగారం, తాగొచ్చిన మొగుళ్ళు. ప్రయత్నంగా చూసిన ఊళ్ళో ఒకావిడ పాచిక చూసి "ఇది ఇంట్లో పెట్టకమ్మా" అని చేత్తో కాదు, కొంగుతో తోసేసింది. చింతపిక్కలతో చేద్దామన్నారు, గవ్వలతో చేద్దామన్నారు. వాటితో ఆటలా నవ్వుకుంటూ వేశారు గానీ అసలు చిక్కు తీరలేదు. పాచిక "అవును" అనమన్నప్పుడు అనరు. "నేను చెయ్యని పనికి చేశానని నా నోటితో ఎందుకనాలి?" అని ఒక అక్క అడిగింది. ఆవిడ అడిగింది న్యాయమే. కాగితాలన్నీ సరిగ్గా ఉంచుకుని, ప్రతి దీనారూ లెక్క చూపించి వచ్చిన మనిషి చేత అబద్ధం ఒప్పించడమేమిటి? ఆ పద్ధతికి ఈ తప్పించుకోవడం పెద్ద జబ్బని మిగతా చోట్ల పనిచేసినవాళ్ళూ చెబుతారు.

పుట్టినరోజుల మీద నడిచే పద్ధతి ఒకటుంది, 2008లో వచ్చింది. రెండు మాటలు ఇస్తారు, ఒకటి రహస్యం, రెండోది మీ అమ్మగారు ఫలానా నెలల్లో పుట్టారా అన్నలాంటిది. రెండింటికీ జవాబు ఒకటేనా, వేర్వేరా అన్నది మాత్రం చెప్పాలి. పాచిక లేదు, అబద్ధం లేదు, చాలా నాజూకైన పద్ధతి. కానీ ఇక్కడ అమ్మ పుట్టిన నెల ఎవరికి తెలుసు? అట్లతద్ది ముందు పుట్టింది అంటారు, లేదా ఫలానా తుపానుకి ఇంత పిల్ల అంటారు. 1996 నవంబరు తుపాను ఇక్కడ అందరికీ గుర్తు. ఆధార్‌లో చూస్తే చాలామందికి జనవరి 1. ఆ పద్ధతిని అక్కడితో వదిలేశాం.

జాబితా పద్ధతి కొంచెం దూరం నడిచింది. సగం మందికి నాలుగు మామూలు సంగతులు చదువుతాం, మిగతా సగం మందికి అవే నాలుగుతోపాటు అయిదోదిగా రహస్యం కలిపి చదువుతాం. ఏవేవి అని చెప్పక్కర్లేదు, ఎన్ని జరిగాయో సంఖ్య చెబితే చాలు. మొదటి గుంపు సగటు 2.1, రెండో గుంపు సగటు 2.3 అనుకుంటే తేడా 0.2, అంటే 20 శాతం. ఇది అందరికీ తేలిగ్గా అర్థమైంది. కానీ మా వాళ్ళు వేళ్ళు ముడుస్తూ లెక్కపెడతారు. నేను అయిదో మాట చదవగానే చిటికెన వేలు ముడుచుకుంటే ఇంక రహస్యమేం మిగిలింది? చేతులు కొంగులో పెట్టుకోండి పిన్నిగారూ అని చెప్పి చూశాం. కొంగు కదిలింది. పైగా అయిదూ జరిగినవాళ్ళు "అయిదు" అంటే అంతా చెప్పేసినట్టే. అందుకని నాలుగు మామూలు మాటలూ ఒకే మనిషికి జరగనివిగా ఏర్చాలి. మాటలు అలా ఏర్చడానికి ఊరు తెలిసిన మనిషి కావాలి, పుస్తకం చాలదు.

చివరికి మాకు సరిపడింది కార్డుల పద్ధతి. దాని పుట్టుక కూడా వలస ప్రశ్నలోనే ఉంది. అమెరికాలో కాగితాలు లేకుండా ఉన్నవాళ్ళ సంఖ్య కోసం, అక్కడి కాంగ్రెస్‌కి తనిఖీ నివేదికలిచ్చే జీఏఓలో జూడిత్ డ్రాయిట్‌కోర్ అనే గణాంక పరిశోధకురాలు 1990ల చివర్లో మూడు కార్డులతో మొదలుపెట్టారు. 2006 నాటి నివేదికలో దాన్ని రెండు కార్డులకి కుదించారు. అక్కడ నేరుగా అడగడం మీద ఎంత గొడవో అందరికీ తెలుసు. 2020 జనగణనలో పౌరసత్వం అడుగుతామని 2018లో ప్రభుత్వం అంటే, వలస కుటుంబాలు భయపడి ఫారమే నింపవని వాదించారు. 2019 జూన్‌లో సుప్రీంకోర్టు, ప్రభుత్వం చెప్పిన కారణం నమ్మేలా లేదని ఆపింది. అడిగే తీరు సరిగా లేకపోతే ఆ ఒక్క జవాబు కాదు, మనిషే లెక్కలోంచి తప్పుకుంటాడు.

జీఏఓ వాళ్ళ కార్డు ఇలా ఉంటుంది. ఒక పెట్టెలో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు. రెండో పెట్టెలో పౌరులు, శరణార్థులు, చదువు వీసా మీద ఉన్నవాళ్ళు, కాగితాల్లేనివాళ్ళు అందరూ కలిసి. మూడో పెట్టెలో ఇంకేదైనా. నువ్వు ఏ పెట్టెలో ఉన్నావో చెప్పు, రెండో పెట్టె అయితే అందులో ఏదో చెప్పకు అంటారు. మిగతా సగం మందికి ఇచ్చే కార్డులో గ్రీన్‌కార్డు వాళ్ళనీ కాగితాల్లేనివాళ్ళనీ ఒకే పెట్టెలో కలిపి, పౌరులూ మిగతావాళ్ళకి విడిగా పెట్టె ఇస్తారు. ఏ మనిషికీ రెండు కార్డులు చూపించరు. మొదటి కార్డు నుంచి గ్రీన్‌కార్డు వాళ్ళ శాతం వస్తుంది, రెండోదాన్నుంచి మిగతా చట్టబద్ధమైనవాళ్ళ శాతం వస్తుంది. ఆ రెండూ, ఇంకేదైనా పెట్టెలోనివీ కలిపి 100లోంచి తీసేస్తే మిగిలింది ఎవరూ నోరు విప్పి చెప్పని సంఖ్య.

దోహాలో షట్టరింగ్ పని చేసొచ్చిన ఒక బాబాయ్‌గారు దీన్ని నాకన్నా బాగా చెప్పారు. ఆయనకిప్పుడు కొబ్బరి వ్యాపారం. "ఆయ్, ఒక రాశిలో పెద్దకాయలు ఒకడేరి లెక్కెట్టాడు. అలాంటి రాశిలోనే చిన్నకాయలు ఇంకోడేరి లెక్కెట్టాడు. కురిడీలు ఎన్నున్నాయో ఎవడూ ముట్టుకోలేదు, అయినా తెలిసిపోతాది. అంతేనా అమ్మాయ్?" అన్నారు. అంతేనండీ అన్నాను. తర్వాత ఇళ్ళలో నేను ఆయన మాటే వాడాను.

చదువు రానివాళ్ళ కోసం పెట్టెలకి అక్షరాల బదులు బొమ్మలు పెట్టాలనుకున్నాం. ఇక్కడ బొమ్మ పెట్టడం కూడా ఆషామాషీ కాదు. సైకిలు, ఫ్యాను, గ్లాసు, కమలం, చెయ్యి, ఏనుగు ఏదీ పనికిరాదు. పసుపు రంగు వేస్తే ఒక పార్టీ, నీలం వేస్తే ఇంకో పార్టీ, ఎరుపు వేస్తే ఇంకెవరో. తెల్ల అట్ట మీద నల్ల గీతలతో చెట్టు, పడవ, చేప వేశాం. లోపల చిన్న బొమ్మలు: ఇంటిపనికి ఇల్లు, కంపెనీకి హెల్మెట్టు, కాగితాలు లేకపోవడానికి ముద్ర లేని పాస్‌పోర్టు.

మొదటి నమూనా కార్డులో చెట్టు కింద ఇంటిపని వీసా మీద అకామాతో అదే ఇంట్లో ఉన్నవాళ్ళని పెట్టాం. పడవలో కంపెనీ వీసా వాళ్ళూ, కుటుంబంతో వెళ్ళినవాళ్ళూ, కాగితాల్లేనివాళ్ళూ. మలికిపురం వైపు ఒక పేటలో నడివయసు అక్క ఒకావిడ కార్డు చేతిలోకి తీసుకుని తిప్పి చూసి తిరిగిచ్చేసింది. "అమ్మాయ్, నేను కంపెనీలో చేశానంటే ఈ వీధిలో పిల్లి కూడా నమ్మదు. మొగుడితో కలిసెళ్ళానంటే మొగుడే నవ్వుతాడు. మరి నేను పడవ చూపించానంటే ఏటన్నమాట?" అంది.

ఆ మాట మా పద్ధతికి గుండెకాయ లాంటి చోట తగిలింది. అమెరికాలో రెండో పెట్టెలో ఉన్నవి ఏ వలస మనిషికైనా వర్తించగలవు. ఇక్కడ ఆడవాళ్ళు వెళ్ళేది ఎక్కువగా ఇంటిపనికే, కువైట్ వాళ్ళ మాటల్లో 20 నంబరు వీసా మీద. వాళ్ళ దగ్గర హెల్మెట్టు బొమ్మ దాపు కాదు, పేరుకి పెట్టిన తడిక. రహస్యం దాగాలంటే దాని పక్కన పెట్టే మాట ఆ మనిషి జీవితంలో నిజమయ్యే వీలున్నది కావాలి. లెక్కల పుస్తకం ఇది చెప్పదు. పేటలో కూర్చుంటేనే తెలుస్తుంది.

బృందం వెంటనే ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేర్వేరు కార్డులు చేసింది. ఆడవాళ్ళ కార్డులో ఇంటిపనినే రెండుగా విడగొట్టాం. మొదట తీసుకెళ్ళిన సేఠ్ ఇంట్లోనే అకామాతో ఆఖరిదాకా ఉండడం ఒకటి. పాత సేఠ్ ఒప్పుకుని ఇచ్చే రిలీజ్ తీసుకుని వేరే ఇంటికి మారి, అక్కడ అకామా కొట్టించుకుని ఉండడం రెండోది. ఇల్లు మారడం అందరికీ జరిగేదే, పరువు తక్కువ కాదు, ఏ అక్కయినా అలా మారి ఉండొచ్చని ఊరంతా నమ్ముతుంది. మొదటి కార్డులో చెట్టు కింద పాత సేఠ్ ఇల్లు, పడవలో మారిన ఇల్లూ కాగితాల్లేకపోవడమూ. రెండో కార్డులో చెట్టు కింద మారిన ఇల్లు, పడవలో పాత సేఠ్ ఇల్లూ కాగితాల్లేకపోవడమూ. మగవాళ్ళకి ఇంటి డ్రైవరు వీసా, కంపెనీ వీసా అలాగే సర్దాం. ఆ మార్పుకి కారణమైన అక్క దగ్గరికి కొత్త కార్డుతో వెళితే చాలాసేపు చూసి, "ఇప్పుడు పర్లేదు" అని వేలు పెట్టింది. ఎక్కడ పెట్టిందో చెప్పను.

ఇంకో చిక్కు ఇరుగుపొరుగులతో. పద్ధతి ప్రకారం ఏ ఇంటికి ఏ కార్డన్నది చీటీ తీసినట్టు ఉండాలి. కానీ మా పేటల్లో నేను ఒక గుమ్మం దిగేలోపు ఆ ఇంటావిడ పక్కింటి అరుగు మీద ఉంటుంది. "నీ కార్డులో చెట్టు కింద ఏముందే?" అని పోల్చుకుంటే రెండూ వేరని తెలిసి, మాకేదో దాచారు అనుకుంటారు. అందుకని వీధికో కార్డు అని పెట్టుకున్నాం. దానికి ధర ఉంది. ఒకే వీధివాళ్ళు ఒకే ఏజెంటు చేతుల మీదుగా ఒకే రకంగా వెళ్ళి ఉంటారు కాబట్టి వీధుల సంఖ్య బాగా పెంచాలి, లేకపోతే అంచనా ఒరిగిపోతుంది. పెంచారు. మాకు నడక పెరిగింది, పంటు దాటడాలు పెరిగాయి, ఎండాకాలం రేవులో ఎదురుచూపులు పెరిగాయి. అందులో నాకు ఫిర్యాదు లేదు.

గుమ్మంలో నేను చెప్పే మాటలు ఇవి. "పిన్నిగారూ, ఇందులో మూడు పెట్టెలున్నాయి. మీ సంగతి ఏ పెట్టెలో ఉందో అది చూపిస్తే చాలండి. పడవైతే అందులో ఏదన్నది నాకు చెప్పకండి, నేను అడగను, ట్యాబ్‌లో రాయడానికి చోటు కూడా లేదు." ఆ చివరి మాట దగ్గర ట్యాబ్ తిప్పి చూపించేదాన్ని. చూపిస్తే కళ్ళల్లో తేడా కనపడేది. మాట ఇవ్వడం వేరు, రాసుకునే చోటే లేదని కంటితో చూడడం వేరు.

ట్యాబ్ విషయంలో బృందం గట్టిగా నిలబడింది, అందుకు వాళ్ళని మెచ్చుకోవాలి. ఆ యాప్ మామూలుగా ఇంటి లొకేషన్ తనంతట తనే తీసుకుంటుంది, పర్యవేక్షణ కోసం కొంత మాట కూడా రికార్డు చేస్తుంది. ఆ రెండూ ఈ ప్రశ్నల భాగంలో తీసేయించారు. చిన్న లంక పేటలో గల్ఫు వెళ్ళొచ్చిన ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. లొకేషన్ ఒక్కటి దొరికితే కార్డూ పెట్టే ఏదీ మనిషిని కాపాడదు. ఫోన్ నంబరు తీసుకున్న చోట దాన్ని వేరే కాగితం మీద, వేరే మనిషి దగ్గర పెట్టారు.

మనిషి ఇంకా అక్కడే ఉన్న ఇళ్ళలో అత్తగారో భర్తో జవాబు చెబుతారు. వాళ్ళకి నిజం తెలియదు. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు ఎవరూ నాకు అకామా అయిపోయింది అని చెప్పరు, "బాగానే ఉన్నా, బాబా మంచోడు, మేడం మంచిది" అనే చెబుతారు. స్నేహితురాలి సివిల్ ఐడీ అనే గుర్తింపు కార్డు మీద డబ్బు పంపుతున్నారని ఇక్కడివాళ్ళకి రసీదు మీద పేరు చూస్తే గానీ తెలియదు. అందుకే కార్డు ప్రశ్న తిరిగొచ్చినవాళ్ళకే పరిమితం చేశారు. అది సరైన నిర్ణయం.

కొందరు కార్డు చూపించాక ఆగరు. రాజోలు దీవిలో ఒక ఇంట్లో ఒకావిడ వేలు పెట్టి, చెయ్యి తియ్యకుండానే మొత్తం చెప్పడం మొదలెట్టింది. ఎన్నాళ్ళనుంచో ఎవరూ అడగనిది ఎవరో అడిగారని ఆవిడకి అనిపించింది. నేను ట్యాబ్ మూసి, మంచం మీద బోర్లించి, కూర్చుని విన్నాను. విన్నదాన్ని ఎక్కడా ఎక్కించకూడదని మా నియమం. ఎక్కిస్తే ఆ ఒక్క ఇంటి దగ్గర మా లెక్క మరింత ఖచ్చితం అవుతుంది, మిగతా ఇళ్ళన్నిటికీ ఇచ్చిన మాట పోతుంది. ఆవిడ చెప్పింది ఇక్కడ కూడా రాయను. ఆవిడ టీ ఇచ్చింది, వాళ్ళ అమ్మాయి నర్సింగ్ చదువు గురించి అడిగింది, నాకు తెలిసిన వివరాలు చెప్పి వచ్చాను.

చూపించనన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళని రెండోసారి అడగలేదు. కార్డంటే మనిషిని మెత్తబెట్టే సాధనం అనుకునేవాళ్ళకి ఇది అర్థం కాదు. కాదనే హక్కు ఉన్నప్పుడే అవునన్నవాళ్ళ వేలికి విలువ.

ఈ పద్ధతి చవక కాదన్నది చెప్పి తీరాలి. 2000 మందిని నేరుగా అడిగితే, అందరూ నిజమే చెబితే, 20 శాతం అన్న అంచనాకి అటూ ఇటూ 2 శాతం లోపే తేడా వస్తుంది. అదే 2000 మందిని 1000 చొప్పున రెండు కార్డులకి పంచి, రెండు చెట్లలో 40 శాతం చొప్పున వచ్చాయనుకుంటే, మిగిలిన 20 శాతానికి అటూ ఇటూ 4 శాతం పైగా ఊగిసలాట ఉంటుంది. రెండు అంచనాల పొరపాట్లు కలుస్తాయి మరి. నేరుగా అడిగినంత ఖచ్చితత్వం రావాలంటే ఆరు రెట్ల మందిని అడగాలి. అబద్ధం మీద వచ్చిన సన్నని గీత కంటే నిజం మీద వచ్చిన వెడల్పు గీత నాకిష్టం.

లెక్కలు చేరాక ఒక కార్యాలయం నుంచి మండలాలవారీగా, వీలైతే గ్రామాలవారీగా విడగొట్టి ఇమ్మని అడిగారు. బృందం ఇవ్వలేదు. ఇద్దామన్నా కార్డులు ఇవ్వలేవు. ఊరికి పదిమందో ఇరవైమందో ఉన్నప్పుడు తీసివేత సున్నా కన్నా కిందికి కూడా పోతుంది. రెండు జిల్లాల స్థాయిలో ఆడవాళ్ళకొకటి, మగవాళ్ళకొకటి, అంతకన్నా లోతుకి వెళ్ళలేదు.

రెండో విడతకి కార్డులు మళ్ళీ మారుస్తున్నాం. ఆజాద్ వీసా వాళ్ళ సంగతి తేలలేదు. కఫీల్‌కి, అంటే వీసా ఇచ్చిన యజమానికి, ఏడాదికింత అని డబ్బు కట్టి అకామా కొట్టించుకుంటారు, పని మాత్రం బయట నాలుగైదు ఇళ్ళలో చేసుకుంటారు. పాస్‌పోర్టులో ముద్ర నిక్షేపంగా ఉంది కాబట్టి చెట్టు చూపిస్తారు. అందులో అబద్ధం లేదు. అక్కడి చట్టం ప్రకారం మాత్రం తనిఖీలో దొరికితే పంపించేస్తారు. వాళ్ళని చెట్టు కింద ఉంచాలా, పడవ ఎక్కించాలా, విడిగా బొమ్మ వేయాలా అన్నది మాలో మేమే తేల్చితే మళ్ళీ మొదటి కార్డులా అవుతుంది. అందుకని ఈసారి కార్డు అచ్చు వేయించక ముందే మలికిపురం అక్కనీ, కొబ్బరి బాబాయ్‌గారినీ, అలా వెళ్ళొచ్చిన మరికొందరినీ కూర్చోబెట్టి ఖాళీ అట్టలూ పెన్సిలూ ఇచ్చాం. పెట్టెలు వాళ్ళే గీస్తున్నారు.